చీము పట్టిన పుండుకు వెండి మందు పట్టీ

"సిస్టర్, కట్టు వేసి మూడు రోజులైంది, విప్పి చూడవద్దా?" అని రోగుల బంధువులు తరచుగా అడుగుతుంటారు. కొందరు ఇంటి దగ్గర విప్పి, పసుపు అద్ది మళ్లీ అతికిస్తారు. ప్రేమతో చేసినా రోగికి నష్టమే. కనుక ఈ పట్టీ గురించి తెలుసుకుందాం.

ఎలా పనిచేస్తుంది?

ఈ పట్టీలో వెండి ఉంటుంది. పుండులో ఊరే తడి తగలగానే అది కొద్దికొద్దిగా విడుదలై సూక్ష్మక్రిములను చంపుతుంది. కాలిన గాయాలకు 1960లలోనే వెండి మందులు బాగా వాడుకలోకి వచ్చాయి. రకాన్ని బట్టి ఈ పట్టీని 3 నుండి 7 రోజుల వరకు ఉంచవచ్చు. మాటిమాటికి విప్పితే కొత్తగా వస్తున్న లేత కండ ఊడిపోతుంది, బయటి క్రిములు లోపలికి చేరతాయి.

పట్టీ చేయలేని పని

పట్టీ పుండు పైనున్న క్రిములనే చంపుతుంది. లోపలి కండకు, ఎముకకు, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్‌ను ఆపలేదు. అందుకు చనిపోయిన కండ తీసివేయాలి, యాంటీబయోటిక్ మందులు వాడాలి. షుగర్ రోగి పాదం పుండు పట్టీతోనే మానదు. షుగర్ అదుపులో ఉండాలి, ఆ పాదంపై బరువు పడకూడదు. ఖరీదైన పట్టీ వేయించాం కదా అని మాత్రలు మానకండి. ఇది ఎల్లకాలం వాడేది కూడా కాదు. సుమారు 2 వారాలకు డాక్టరుగారు పుండు చూసి, కొనసాగించాలో ఆపాలో చెబుతారు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

1. పట్టీని ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.
2. పట్టీ తడవనివ్వకండి. తడిసినా, ఊడినా, చీము బయటికి కారినా గడువు వరకు ఆగక మార్పించండి.
3. పసుపు, ఆకు పసరు, పౌడరు, కొబ్బరినూనె వేయకండి.
4. వెండి పడనివారు ముందే చెప్పండి. ఎం.ఆర్.ఐ. స్కాను తీసేటప్పుడు పట్టీ ఉన్నదని తెలపండి.

వెంటనే ఆస్పత్రికి రావలసిన గుర్తులు

* జ్వరం, చలి, వణుకు, మగత
* పుండు చుట్టూ ఎరుపు, వాపు, వేడి పెరగడం
* దుర్వాసన, ఎక్కువవుతున్న నొప్పి
* వేలు నల్లబడి చల్లగా ఉండడం

వెండి వల్ల చర్మంపై బూడిదరంగు మరక పడవచ్చు, దానికి భయపడనక్కరలేదు. కాని వేలే నల్లబడితే అది మరక అనుకొని ఊరుకోకండి. షుగర్ రోగికి నొప్పి తెలియకపోవచ్చు. కనుక ప్రతిరోజూ రెండు పాదాలూ మీరే చూడండి.

మంచి సమరయుడు గాయాలు కట్టి వెళ్లిపోలేదు, దగ్గరుండి పరామర్శించాడు. కట్టు మేము కడతాము. కనిపెట్టి చూడవలసింది మీరే. దేవుడు మీ రోగికి స్వస్థత దయచేయును గాక.