అప్పుల ఇంట్లో నూనె కుండ

వాక్యపఠనం: 2 రాజులు 4:1-7



పూర్వవేదంలో ఏడే ఏడు వచనాల కథ ఒకటుంది. ఎలీషా ప్రవక్త కాలంలో ప్రవక్తల సమాజానికి చెందిన ఒకాయన చనిపోయాడు. అప్పు మిగిలిపోయింది. అప్పిచ్చినవాడు బాకీ కింద ఆయన ఇద్దరు కొడుకులనూ బానిసలుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ తల్లి ఎలీషా దగ్గరకు వెళ్లి మొరపెట్టుకుంది. ఇంట్లో ఏముందని ఆయన అడిగాడు. కొద్దిగా నూనె తప్ప మరేమీ లేదని ఆమె చెప్పింది. ఇరుగుపొరుగు ఇళ్లలో ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, కొడుకులతో లోపలికి వెళ్లి తలుపు వేసుకో, పాత్రల్లో నూనె పోయి అని ఆయన చెప్పాడు. ఆమె పోస్తూ ఉంటే పాత్రలన్నీ నిండాయి. పాత్రలు అయిపోగానే నూనె ఆగింది. ఆ నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బిడ్డలతో బ్రతకమని ప్రవక్త ఆమెను పంపించాడు.

ఈ కథను చాలామంది అద్భుతంగానే గుర్తుపెట్టుకుంటారు. కాని పత్తి, మిరప పండించే మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు ఇది మరో విధంగా కూడా దగ్గరైన కథ. అప్పులో ఉన్న ఇల్లు విశ్వాసాన్ని పోగొట్టుకోకుండా ఎలా నిలబడాలో, ఆ కష్టంలోనే విశ్వాసంలో ఎలా ఎదగాలో ఇందులో మెట్టు మెట్టుగా కనిపిస్తుంది.

భక్తిపరుని ఇంట్లోనూ అప్పు

ఆ స్త్రీ ప్రవక్తతో తన భర్త దైవభయం గలవాడని చెప్పింది. ఎలీషా కాదనలేదు. అంటే దేవునికి భయపడి బ్రతికిన మనిషే అప్పుతో కన్నుమూశాడు. బైబులు ఆ సంగతి దాచలేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫుస్ ఆ భర్త ఓబద్యా అని రాశాడు. ఆహాబు రాజు కాలంలో నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి పోషించిన ఓబద్యాను మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయంలో చూస్తాం. వారిని పోషించడానికే అతడు అప్పు చేశాడని జోసెఫుస్ చెబుతాడు. అది బైబులులో లేని సంప్రదాయమే అయినా, మంచి పని చేసినవాడు కూడా అప్పుల పాలు కావచ్చునని ఆనాటివారు గ్రహించారని దీనివల్ల తెలుస్తుంది.

మన ఊళ్లలో మాత్రం ఒక మాట వినబడుతూ ఉంటుంది. ఫలానా ఆయన సరిగా ప్రార్థన చేసి ఉంటే పంట పండేదని, ఏదో పాపం ఉండబట్టే దెబ్బతిన్నాడని అంటారు. 1987లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసి చేలకు చేలనే పడగొట్టింది. ఆ పురుగు జపమాల చెప్పే ఇంటి చేనును దాటి వెళ్లలేదు. నష్టపోయిన మనిషి మీద పాపం మోపడం యోబు స్నేహితులు చేసిన పని. చివరికి దేవుడు ఆ స్నేహితుల మీదనే కోపించాడు (యోబు 42:7).

మొదటి మెట్టు: దాచకుండా చెప్పడం

ఆమె మొరపెట్టుకుంది. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర అప్పు సంగతి భార్యకు కూడా తెలియనివ్వని భర్తలున్నారు. కౌలు ముందుగా కట్టడానికి ఒకచోట, విత్తనాలకు, ఎరువులకు, మందులకు మరొకచోట, పిల్ల పెండ్లికి ఇంకొకచోట నోటు రాసిస్తారు. పరువు పోతుందని ఎవరికీ చెప్పరు. చెప్పని అప్పుకు మనసులో కూడా వడ్డీ పెరుగుతుంది.

మనం ప్రతిరోజు చెప్పే పరలోక జపంలో పాపానికి వాడిన మాట కూడా అప్పే. ఆ మాటను ప్రభువే మన నోట పెట్టాడు. అప్పును దేవుని ముందు పలకడానికి సిగ్గుపడనక్కర లేదని దీనివల్ల నేర్చుకోవాలి. కీర్తనల గ్రంథంలో సగానికి దగ్గరగా కష్టంలో పెట్టిన మొరలే ఉన్నాయి. ముందు దేవునితో చెప్పండి. తర్వాత భార్యతో లేదా భర్తతో చెప్పండి. ఆ తర్వాత విచారణ గురువులతోనో, నమ్మదగిన పెద్దమనిషితోనో చెప్పండి. ఆ స్త్రీ దేవునికి మొరపెట్టిన చోటే దైవజనునికి కూడా చెప్పుకుంది.

ఇంట్లో ఎవరైనా బ్రతికి లాభం లేదన్నట్టు మాట్లాడితే దాన్ని విసుగుగా కొట్టిపారేయకండి. వారిని ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఇది విశ్వాసం తక్కువ కావడం కాదు. ఇప్పటికే అలా ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబాలు కూడా మన విచారణల్లో ఉన్నాయి. ఆ ఇళ్లవారు ఒకటి తెలుసుకోవాలి. అలా మరణించినవారి రక్షణ విషయంలో ఆశ వదులుకోరాదని, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 2283వ పేరా బోధిస్తుంది. వారి పేరున దివ్యబలిపూజ చెప్పించుకోవడానికి వెనుకాడకండి.

రెండవ మెట్టు: ఉన్నదాన్ని చూడడం

ఎలీషా ఆమెను ఎంత అప్పుందని అడగలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఆమె మొదట ఏమీ లేదని చెప్పి, తర్వాత నూనె సంగతి చెప్పింది. కష్టంలో ఉన్న కంటికి ఉన్నది కూడా లేనట్టే కనబడుతుంది.

ఉన్నదాన్ని చూసే అలవాటునే శ్రీసభ దినదిన ఆత్మశోధన అని నేర్పుతుంది. పునీత లొయోలా ఇన్నాసివారు దీనికి గొప్ప గురువు. మన ప్రాంతంలో ఇన్నయ్య, ఇన్నారెడ్డి అనే పేర్లు ఆయన పేరు మీద పెట్టుకున్నవే. ఆయన ఆత్మశోధనను తప్పుల లెక్కతో మొదలుపెట్టలేదు. ఆ రోజు దేవుడిచ్చిన మేలులకు కృతజ్ఞతతో మొదలుపెట్టాడు. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు చాలు. ఈ రోజు ఇంట్లో ఏ మేలు జరిగింది? ఎక్కడ తప్పిపోయాను? రేపు ఏమి చేయాలి? ఇవే మూడు ప్రశ్నలు.

ఫిరంగిపురంలో 1822లో పుట్టిన జ్ఞానమ్మగారిని తలచుకోండి. భర్తను పోగొట్టుకున్న తల్లి. ఆ కాలంలో వితంతువు ఇంట్లో ఏముంటుందని అడిగితే లోకం ఏమీ లేదనే చెప్పేది. ఆమె 1863లో నేటి తమిళనాడులోని కీలచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి పెట్టారు. ఫిరంగిపురం పునీత అన్నమ్మగారి మఠకన్యల సభకు కూడా ఆమే మూలం. 1874లో కన్నుమూసిన ఆమెను శ్రీసభ నేడు దైవసేవకురాలిగా పిలుస్తున్నది. ఆమె ఇంట్లో ఉన్న కొద్దిపాటి నూనె ఎన్ని పాత్రలు నింపిందో చూడండి.

మూడవ మెట్టు: పొరుగువారి పాత్రలు

నూనె ఆమెదే. పాత్రలు మాత్రం ఊరివారివి. దేవుడు ఆమె ఇంట్లోనే పాత్రలు సృష్టించలేడా? సృష్టించగలడు. కాని ఇరుగుపొరుగు తలుపు తట్టేలా చేశాడు. వారు నూనె ఇవ్వలేదు, డబ్బు ఇవ్వలేదు, ఖాళీ పాత్రలు ఇచ్చారు. అది ఎంత పేద ఇల్లయినా ఇవ్వగలిగిన సహాయం.

విచారణ అంటే అదే. మిరప కల్లం మీద ఉండగా వాన ముసురుకుంటే పట్టాలు కప్పడానికి పరుగెత్తే పొరుగువాడు ఒక పాత్ర ఇచ్చినట్టే. కాయ కోతకు మనుషులు దొరకని ఇంటికి ఒక పూట సాయం వెళ్లడం ఒక పాత్ర. బ్యాంకుకు, వ్యవసాయ ఆఫీసుకు తోడు వెళ్లి కాగితం చదివి పెట్టడం ఒక పాత్ర. తపస్సు కాలంలో చేసే ఉపవాసం వల్ల మిగిలిన బియ్యం, డబ్బు పునీత విన్సెంట్ డి పాల్ సంఘం ద్వారా అటువంటి ఇంటికి చేరితే అది మరో పాత్ర. తపస్సు కాలం తరచు మన మిరప కోతల కాలంలోనే వస్తుంది. అప్పుడు చేతిలో నాలుగు డబ్బులున్న ఇల్లు, నష్టంతో కల్లం కట్టేసిన ఇంటిని గుర్తుపెట్టుకోవాలి.

నాలుగవ మెట్టు: తలుపు మూసుకుని బిడ్డలతో

ఎలీషా అక్కడ లేడు. ఊరూ లేదు. మూసిన తలుపు వెనుక తల్లి, ఇద్దరు కొడుకులు. కొడుకులు పాత్రలు అందిస్తుంటే తల్లి పోసింది. అప్పులవాడు ఎవరిని పట్టుకుపోవాలని వచ్చాడో ఆ పిల్లల చేతులగుండానే దేవుని మేలు సాగింది. వారు జీవితాంతం మరచిపోలేని సత్యోపదేశం అది.

రెండవ వాటికన్ మహాసభ 1964లో కుటుంబాన్ని గృహ శ్రీసభగా చూపించింది. 1965లో, పవిత్ర గ్రంథాన్ని చదివేటప్పుడు ప్రార్థన కూడా తోడుండాలని బోధించింది. పిల్లలకు ఇంట్లో కష్టం తెలియకుండా పెంచాలనుకుంటాం. వారికి లెక్కలన్నీ చెప్పనక్కర లేదు. కాని అమ్మానాన్నలు కష్టంలో మోకరించడం వారు చూడాలి. జపమాల చెప్పేటప్పుడు ఒక పదిజపాన్ని వారి చేత చెప్పించాలి. పాత్ర అందించిన పిల్లవాడే రేపు తన ఇంట్లో నూనె పోయగలుగుతాడు.

అయిదవ మెట్టు: అప్పు తీర్చడం

అద్భుతం జరిగాక ఆమె దైవజనుని దగ్గరకు మళ్లీ వెళ్లి అడిగింది. అమ్ము, తీర్చు, బ్రతుకు అన్న వరుసలో ఆయన చెప్పాడు. దేవుడిచ్చినదని చెప్పి బాకీ ఎగవేయమనలేదు. విశ్వాసం న్యాయాన్ని తప్పించదు. పంట చేతికి వచ్చిన ఏడు పండుగకు, పెండ్లికి, మందుకు ఖర్చుపెట్టి బాకీని పక్కనపెట్టడం ఈ వరుసను తలకిందులు చేయడమే.

అదే విధంగా అప్పిచ్చే సహోదరులకు కూడా దేవుని వాక్యం ఉంది. కొందరు ఆదివారం పూజలో అప్పు తీసుకున్నవారి పక్కనే మోకరిస్తారు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదవండి. తాకట్టు కోసం అప్పు తీసుకున్నవాని ఇంట్లోకి దూరరాదు, బయట నిలబడాలి, అతడే తెచ్చి ఇవ్వాలి. తిరగలిని తాకట్టు పెట్టుకోరాదు, ఎందుకంటే అది ఆ ఇంటి ప్రాణం. వితంతువు బట్టను తాకట్టు పెట్టుకోరాదు. నెహెమ్యా 5వ అధ్యాయంలో పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టుపెట్టి, చివరికి బిడ్డలను బానిసత్వానికి ఇచ్చుకున్న ప్రజలు ఏడుస్తారు. నెహెమ్యా పెద్దలను సభలో నిలదీసి, పొలాలూ వడ్డీలూ తిరిగి ఇప్పిస్తాడు. పంట పోయిన ఏడు వాయిదా ఇవ్వడం, వీధిలో అరిచి పరువు తీయకపోవడం, న్యాయమైన తూకం వేయడం కూడా ఆధ్యాత్మిక సాధనలే. ఇవి లేని ఉపవాసాన్ని యెషయా ప్రవక్త ఉపవాసంగా లెక్కించలేదు (యెషయా 58).

ఈ వారం ఇంట్లో ఆచరించండి

ఆదివారం సాయంత్రం టీవీ ఆపి, ఇంటిల్లిపాదీ కూర్చోండి. ఒకరు 2 రాజులు 4:1-7 నెమ్మదిగా చదవండి. తర్వాత పిల్లల్లో ఒకరు ఆ కథను తమ సొంత మాటల్లో చెప్పాలి. రెండు నిమిషాలు మౌనంగా ఉండండి. మనసుకు తగిలిన ఒక్క మాటను ఒక్కొక్కరు చెప్పండి. పరలోక జపం, మంగళవార్త జపం చెప్పి ముగించండి. వారంలో ప్రతి రాత్రి ఆత్మశోధన చేయండి. శనివారానికి, మీ ఇంటి నుంచి ఏ పొరుగింటికి ఏ పాత్ర వెళ్లాలో కలిసి నిర్ణయించుకోండి.

చర్చించుకోండి

1. మన ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మోస్తున్న భారం ఏదైనా ఉందా? దాన్ని ఎవరితో చెప్పవచ్చు?

2. ఏమీ లేదనుకున్న మన ఇంట్లో ఉన్న కొద్దిపాటి నూనె ఏమిటి?

3. మనకు బాకీ ఉన్నవారితో మనం ఎలా మాట్లాడుతున్నాం?

ప్రార్థన

కరుణామయుడవైన ప్రభువా, అప్పులో ఉన్న తల్లి మొర విన్నావు. మా ప్రాంతంలో నష్టపోయిన ప్రతి ఇంటి మొరను వినుము. నిరాశలో ఉన్నవారికి చెయ్యి అందించే పొరుగువారిగా మమ్ము పంపుము. మా బిడ్డలు మా చేతుల్లో నీ మేలును చూచునట్లు చేయుము. మరియమాత ప్రార్థనా సహాయంతో, మా ప్రభువైన క్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమెన్.