పాలు, పొత్తు, బల్ల: ప్రభుభోజనపు తెలుగు పేర్లను గూర్చి

క్రైస్తవులు రొట్టెను, ద్రాక్షారసమును పుచ్చుకొను ఆరాధనకు తెలుగున కనీసము నాలుగు పేర్లు వాడుకలో నున్నవి. ప్రొటెస్టంటు గ్రంథములలో అది ప్రభురాత్రి భోజనము, లూథరను సంఘములలోను, దక్షిణ ఇండియా సంఘమునందును సంస్కారము, కతోలికులలో దివ్యసత్ప్రసాదము, పల్లె సంఘముల నోట కేవలము బల్ల. ఇవి పర్యాయపదములని నిఘంటుకారుడు సరిపెట్టుకొనవచ్చును. కాని ఒక్కొక్క పేరు ఆ క్రియలోని ఒక్కొక్క అంశమును పట్టుకొని తక్కినవానిని జారవిడిచినది. జారిపోయినదేదో విచారించినగాని ఈ క్రియకు తెలుగువారిలో ఏర్పడిన అర్థము బోధపడదు.

మొదటి పేరు గ్రీకు మూలమునకు మాటకు మాటగా వచ్చినది. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో దీనిని 'కురియకోన్ దెయిప్నోన్' అనెను. దెయిప్నోన్ అనగా గ్రీకులు సాయంకాలమున చేయు ప్రధాన భోజనము. యేసు తన మరణమునకు ముందటి రాత్రి శిష్యులతో భుజించెను గనుక తెలుగున 'రాత్రి' నిలిచినది. తమిళమున ఇరాప్పోజనము, మలయాళమున తిరువత్తాళము అనునవియు రాత్రిని నిలుపుకొన్నవే. హిందీవారు ప్రభుభోజ్ అని రాత్రిని వదలివేసిరి. ఆదివారము పగటివేళ దేవాలయమున కూర్చుండి రాత్రి భోజనము చేయుటలో మనకు వింత తోపకపోవుట అలవాటు చేసిన పని.

సంస్కారమను మాట అంత సులువుగా అతకలేదు. మన శాస్త్రములలో సంస్కారము మనుష్యుని ఒక దశనుండి మరియొక దశకు చేర్చునది. ఉపనయనము, వివాహము వంటివి. బాప్తిస్మమునకు అది చక్కగా సరిపోవును. జీవితాంతము మరల మరల పుచ్చుకొను భోజనమునకు సరిపోదు. అయినను 'సంస్కారము తీసికొనుట' అన్నంతనే క్రైస్తవుల వాడుకలో బాప్తిస్మముగాక ఈ భోజనమే స్ఫురించుట భాషాచరిత్రలో తరచుగా కనబడు అర్థసంకోచమునకు మంచి ఉదాహరణము.

సత్ప్రసాదమను పదము ఎక్కువ ఆలోచింపదగినది. ప్రసాదమనగా అనుగ్రహము, దేవునికి నివేదితమై భక్తునికి తిరిగి వచ్చు ఆహారమును అదియే. మనుష్యుడు సంపాదించినది గాక దేవుడే ఇచ్చినదను భావమును ఇంతకంటె బాగుగా చెప్పగల మాట మనకు లేదు. రొట్టె క్రీస్తు శరీరముగా మారునను కతోలిక విశ్వాసమునకును ఈ మాట అడ్డురాదు. తమిళ కతోలికుల 'నర్కరుణై'యు ఈ అనుగ్రహభావమునే పలుకుచున్నది. లోపమేమనగా ప్రసాదము పుచ్చుకొనువాడు ప్రక్కవానితో కలసి తినవలసిన పని సాధారణముగా లేదు. దోసిట పట్టి, కన్నుల కద్దుకొని, ఇంటికి పోవచ్చును. పూరీ జగన్నాథుని మహాప్రసాదమును కులభేదము లేక కలసి భుజించు ఆచారము ప్రసిద్ధమే. అది అంత ప్రసిద్ధి కెక్కుటకు కారణము తక్కిన చోట్ల అట్లు లేకుండుటయే గదా!

పౌలు మాటలలో కీలకమైనది 'కొయినోనియా'. కొయినోస్ అనగా ఉమ్మడియైనది. దానినుండి పుట్టిన ఈ నామవాచకమునకు ఉమ్మడి పాలు అని అర్థము. లాటినున కమ్యూనియో ఐనది ఇదియే. పాత తెలుగు బైబిలు దీనిని రెండు ముక్కలు చేసినది. అపొస్తలుల కార్యములలో 'సహవాసము' అనియు, కొరింథీయుల పత్రికలో పాత్రను, రొట్టెను గూర్చిన చోట 'పాలుపుచ్చుకొను' అనియు తెనిగించిరి. తప్పనరాదు. కాని సహవాసము తోటివారివైపు, పాలుపుచ్చుకొనుట క్రీస్తువైపు ఒదిగిపోయి, రెండును ఒకే మాటయని తెలుగు చదువరికి తెలియకుండ పోయినది. పౌలు వాదమంతయు ఆ ఏకత్వముపైననే నిలిచియున్నది. రొట్టె ఒక్కటి గనుక దానిని పంచుకొన్న అనేకులు ఒకే శరీరమని ఆయన తర్కము. తెలుగున దీనికి తగిన దేశ్యపదమొకటి ఉన్నది. అది పొత్తు. పొత్తున కుడుచుటయనగా కలసి తినుట. కంచము పొత్తు, మంచము పొత్తు అని మనవారు బంధుత్వపు ఎల్లలను కొలిచినదియు దానితోనే. అనువాదకులు దాని నేల తీసికొనలేదో గాని, తీసికొనియున్నచో సహవాసమువలె మెత్తగా నుండెడిది కాదు.

పౌలు ఈ సంగతి నెత్తుకొన్న సందర్భము ఏమి? క్రీ. శ. 55 ప్రాంతమున కొరింథు విశ్వాసులు ఇండ్లలో కూడి భుజించుచుండిరి. కలిగినవారు తమ భోజనము తాము ముందుగా ముగించుచుండగా లేనివారు ఆకలితో నుండిరి. అట్టిది ప్రభుభోజనమే కాదని పౌలు తీర్పు. దానికి వెంటనే వచ్చునదే 'అయోగ్యముగా' తినుటను గూర్చిన హెచ్చరిక. మూలమున 'అనక్సియోస్' క్రియావిశేషణము. తినువాని గుణమును గాక తిను తీరును చెప్పునది. తెలుగు అనువాదకులు ఈ భేదమును సరిగా పాటించి 'అయోగ్యముగా' అనియే వ్రాసిరి. వినువారు మాత్రము దానిని 'అయోగ్యుడై' అని గ్రహించిరి. తాను పాపినని వెనుకంజ వేసి ఏండ్ల తరబడి బల్లకు దూరముగా కూర్చుండువారు మన సంఘములలో నున్నారు. ఒక ప్రత్యయము చేసిన పని యిది. ప్రక్కవాని ఆకలిని లెక్కింపక తినుట అక్కడి దోషము. భయపడవలసినవాడు కడుపు నిండినవాడు. ఆ చోట వివేచింపవలసిన శరీరము రొట్టెయా, సంఘమా అని వ్యాఖ్యాతలలో వివాదము కలదు. ముందరి అధ్యాయమున రొట్టెకును, సంఘమునకును ఒకే మాట వాడిన రచయిత ఇచ్చట రెండవదానిని మరచెననుట నాకు సమ్మతము కాదు.

కొరింథులో ధనము చేసిన విభజనను మన దేశమున కులము చేసినది. తంజావూరు మొదలగు చోట్ల శూద్ర క్రైస్తవులు ముందును, నేడు దళితులనబడు వారు పిమ్మటను సంస్కారము పుచ్చుకొను ఆచారము పాతుకొనియుండెను. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ సంఘములో కులభేదము పూర్తిగా తొలగవలెనని ఆజ్ఞ పంపెను. తంజావూరులోను, మద్రాసు వేపేరిలోను అనేకులు సంఘమునే విడిచిరి. సిద్ధాంతమున కెవ్వరును లేచిపోలేదు, వరుసక్రమమునకు లేచిపోయిరి. శాఖల మధ్యనున్న గోడయు ఈ భోజనముకడనే తెలియవచ్చెడిది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఒకే సంఘమై ఒకే బల్లకు చేరిరి.

తెలుగునాట సహపంక్తి భావన క్రైస్తవముతోనే వచ్చినది కాదు. పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెనని పల్నాటి వీరగాథలు చెప్పుచున్నవి. అదే సీమకు దక్షిణమున ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. తమ చేతి నీరు ఇతరులు ముట్టని వారు. అట్టివారికి ఈ భోజనము ఏ పేరుతో అందినదను ప్రశ్న భాషాశాస్త్రమునకు మాత్రమే చెందినది కాదు.

వారి నోట నిలిచిన మాట బల్ల. దేవాలయపు సామానులలో ఒకటైన కొయ్యబల్ల ఆధారాధేయ సంబంధముచే దానిపైని భోజనమునకు, పిదప ఆ ఆరాధనకే పేరైనది. 'బల్లలో చేయి వేయుట' అని వారి పలుకుబడి. బల్లమీద చేయి వేయుదురుగాని బల్లలో చేయి ఎవ్వరును వేయరు. ఈ 'లో' ఎక్కడిదని విచారింపగా, 'కంచములో చేయి పెట్టు' అను ఇంటి మాటనుండి వచ్చినదని తోచుచున్నది. అనువాదకులు విడిచిన పొత్తు ఆ ఒక్క విభక్తిప్రత్యయములో దాగియున్నది. నేడు చాల సంఘములలో ఆరోగ్యము నుద్దేశించి ఉమ్మడి పాత్రకు బదులు చిన్న గాజుగిన్నెలు వచ్చినవి; ఎవరి గిన్నె వారిదే. అచ్చటను బల్లలో చేయి వేయుటయనియే ఇప్పటికిని చెప్పుకొనుచున్నారు.