బొమ్మ లాగితే లెక్క వచ్చినట్టేనా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. తొమ్మిదో తరగతి చదివే మా బాబు జామెట్రీ అంతా జియోజిబ్రా అనే సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాడు. బొమ్మల్ని మౌస్‌తో లాగడమే తప్ప నిరూపణ రాయడు. ఇలాగైతే బుర్రకు పదునెక్కుతుందా?

జవాబు: మీ దిగులు సబబేనండీ. అలాగని సాఫ్ట్‌వేర్ మాన్పించకండి. ఆస్ట్రేలియా పాఠ్యప్రణాళికే డిజిటల్ సాధనాలు వాడమంటోంది. మార్చాల్సింది మనం అడిగే ప్రశ్నని.

ఏదో ఒక చతుర్భుజం గీసి, భుజాల మధ్యబిందువులు కలపమనండి. మూలల్ని ఎటు లాగినా లోపల సమాంతర చతుర్భుజమే వస్తుంది. 1731లో అచ్చయిన వారిన్యాన్ సిద్ధాంతమిది. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. మీరు మాత్రం, ‘లోపలిది దీర్ఘచతురస్రం కావాలంటే బయటిది ఎలా ఉండాలి?’ అనండి. ‘రాంబస్’ అంటాడు. గాలిపటం ఆకారంలోనూ వస్తుందిగా! లాగుతూ పోతే అసలు షరతు దొరుకుతుంది: కర్ణాలు లంబంగా ఉంటే చాలు. ఈ వెతుకులాటే నాకు మార్కుల కన్నా ముఖ్యం.

ఎందుకలా అన్నది మాత్రం తెర చెప్పదు. అప్పుడు ల్యాప్‌టాప్ మూయించి కాగితం ఇవ్వండి. ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు; త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులు కలిపే రేఖ మూడో భుజానికి సమాంతరం, అందులో సగం. మిగతాది వాడే రాస్తాడు.