మనుషులు మారినా మిగిలేది



ఏర్పేడు రైల్వే స్టేషనులో స్టేషన్ మాస్టరు బదిలీ అయితే ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారు. మనిషి మారినా బండ్లు ఆగవు. ఎందుకంటే ఆ స్థానం, దాని విధులు, తోటి ఉద్యోగులతో దానికి గల సంబంధం అలాగే ఉంటాయి. కుటుంబంలోను, బడిలోను, ఊరిలోను ఇటువంటి స్థానాలే ఉన్నాయి. వాటి అమరికనే సమాజశాస్త్రం 'సామాజిక నిర్మితి' అంటుంది. స్థానం పేరు 'అంతస్తు'. అందులో ఉన్నవారి నుండి ఇతరులు ఆశించే నడవడి 'పాత్ర'.

అంతస్తులు రెండు విధాలని 1936లో అమెరికా మానవశాస్త్రజ్ఞుడు రాల్ఫ్ లింటన్ వివరించాడు. పుట్టుకతో అంటగట్టబడేది ఆపాదిత అంతస్తు, కులం ఇటువంటిది. కృషితో సంపాదించుకునేది సాధించిన అంతస్తు. ఉపాధ్యాయ వృత్తి ఇటువంటిది. పుట్టుకకే విలువ ఇచ్చేచోట కృషికి తలుపులు మూసుకుంటాయి.

"ఇది అనాదిగా ఉన్నదే, మారదు" అనేవారికి ఏర్పేడులోనే జవాబు ఉన్నది. కేరళ నుండి వచ్చిన మలయాళ స్వామి 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం స్థాపించారు. సంస్కృతం, వేదాంతం కొందరికే అనే కట్టడిని ఆయన ఒప్పుకోలేదు. స్త్రీలకు, అన్ని కులాలవారికి ఆ చదువు అందించారు. గమనించండి: 'విద్యార్థి' అనే స్థానాన్ని ఆయన తీసివేయలేదు. అందులో ఎవరు కూర్చోవచ్చుననే నియమాన్ని మార్చారు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. అయితే చట్టం మారినంత త్వరగా ఇంటి అలవాటు మారదు.

నా మాటే చెబుతాను. సెమినరీలో ఇవన్నీ చదివినవాడినే. అయినా ఇండ్లు దర్శించేటప్పుడు ఏళ్ల తరబడి మగవారితో కలసి మొదటి పంక్తిలో భోంచేశాను. వండిన తల్లి ఎప్పుడు తిన్నదో అడగలేదు. ఒకనాడు ఒక ఇంట్లో ఆ అమ్మకు కూర మిగలలేదని తెలిసింది. అక్కడ ఎవరికీ ఎవరిమీదా ద్వేషం లేదు. అయినా అన్యాయం జరిగింది. నిర్మితి పనిచేసే తీరు ఇదే.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించండి:

1. మన ఇంట్లో చివర తినేది ఎవరు? ఎందుకు?
2. పనికి వచ్చినవారికి వేరే గ్లాసు ఉన్నదా?
3. మన విచారణలో, పెండ్లి విందులోగాని సమాధుల తోటలోగాని, పుట్టుకను బట్టి చోటు నిర్ణయమవుతోందా?

ఈ అమరిక మనుషులు కట్టినది. మనుషులే సరిచేయగలరు.