ఇంటి కుక్కయు మన ఆరోగ్యమును

విద్యార్థులారా, మనుష్యుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొదటిది. ఆవు, గొఱ్ఱె, కోడి మొదలగునవి దాని తరువాత వచ్చినవే. 1914వ సంవత్సరమున జర్మనీ దేశమందలి బాన్ నగర సమీపమున ఒక ప్రాచీన సమాధి బయల్పడెను. అందు ఒక పురుషుని ఎముకలును, ఒక స్త్రీ ఎముకలును, వానితోగూడ ఒక కుక్క ఎముకలును ఉండెను. ఆ సమాధి సుమారు 14,000 ఏండ్ల నాటిది. 2018లో ఆ కుక్క పండ్లను పరీక్షించిన పండితులు, అది పిల్లగా నున్నప్పుడే వారములకొలది పెద్ద జబ్బున పడియుండెననియు, ఎవరో దగ్గర నుండి మేపి కాపాడనిదే బ్రదుకుట అరుదనియు ప్రకటించిరి. వేటకు గాని కావలికి గాని పనికిరాని రోగిష్ఠి పిల్లను ఆ కాలపువారు సాకిరి. ఈ సంబంధము కేవలము లాభము కొరకు ఏర్పడినది కాదని దీనివలన నాకు తోచుచున్నది.

అయినను నేడు లాభమును గూర్చియే వ్రాయబూనితిని. దొంగల సంగతి కాదు, ఆరోగ్యము సంగతి.

మా తండ్రిగారికి 76 ఏండ్లు. మా అమ్మగారు గతించిన పిమ్మట ఆయన కుర్చీ విడిచి లేచుట మానిరి. డాక్టరు నడువుమనెను, మేమును బ్రతిమాలితిమి. "ఎక్కడికి నడువవలెనురా?" అని ఆయన అడుగుచుండిరి. ఆ ప్రశ్నకు మా యొద్ద జవాబు లేకపోయెను. అట్టి సమయమున కైకలూరు తట్టునుండి మా బంధువొకరు జొనంగి జాతి కుక్కపిల్లను తెచ్చి యిచ్చిరి. కొల్లేటి ప్రాంతమున బాతులను కాయుటకు ఈ కుక్కలను పెంచుట కలదు. పొట్టి వెండ్రుకలు, ముడుతలు పడిన నుదురు గలది. మన యెండకు తాళగలదు. చలిదేశపు బొచ్చుకుక్కలను కొని తెచ్చి, మే మాసమున అవి రొప్పుచుండగా చూచి ముచ్చటపడువారిని నేనెఱుగుదును. అది ముచ్చట కాదు, ఆ జంతువునకు బాధ.

పదిదినములు గడువకముందే తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ పిల్ల తండ్రిగారి పంచె కొంగు పట్టి లాగసాగెను. డాక్టరు మాట వినని మనుష్యుడు దాని మాట వినెను. మొదట సందు మొగ వరకు, తరువాత గన్‌ఫౌండ్రీ రోడ్డు వరకు, ఆఱు నెలలకు ఆబిడ్సు పెద్ద తపాలా కార్యాలయము దాక పోయి వచ్చుచుండిరి. ఆదివారములలో పేవుమెంటుపై పాతపుస్తకములు పఱచుకొను వర్తకులతో మాటలు కలిసినవి. వారు ముందు కుక్క క్షేమమడిగి, పిదప ఆయన క్షేమమడుగుదురు. నా యెఱుకలో నడక కన్న ఈ పలుకరింపులే ఆయనకు ఎక్కువ మేలు చేసినవి.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే యని మీరనవచ్చును. 1980లో అమెరికాలో గుండెజబ్బుతో ఆసుపత్రిపాలై వెలుపలికి వచ్చిన 92 మంది రోగులను ఒక సంవత్సరము కనిపెట్టి చూచిరి. పెంపుడు జంతువులు గల 53 మందిలో 3 గురును, లేని 39 మందిలో 11 మందియు ఆ యేడు మరణించిరి. లెక్క చిన్నది. 2017లో ప్రకటింపబడిన స్వీడను దేశపు పరిశోధన చాల పెద్దది: 40 మొదలు 80 ఏండ్ల వయస్సు గల 34 లక్షల మంది వివరములను 12 సంవత్సరముల కాలమునకు పరిశీలించిరి. ఒంటరిగా నివసించువారిలో కుక్క గలవారికి, లేనివారికన్న, మరణభయము నూటికి 33 వంతులు తక్కువగా కనబడెను. కుటుంబముతో నుండువారిలో ఈ భేదము 11 వంతులే. ఒంటరివారికే ఎక్కువ మేలు కలుగుట గమనింపుడు. అయితే నడువగల ఆరోగ్యవంతులే కుక్కలను పెంచుకొనుచున్నారేమో యను సందేహమును ఆ లెక్క పూర్తిగా తీర్పలేదు. గణితము నేర్చువారు ఇట్టి సందేహమును ఎప్పుడును దగ్గర నుంచుకొనవలెను.

2015లో జపాను శాస్త్రజ్ఞులు మఱియొక విషయము కనుగొనిరి. కుక్కయు యజమానుడును ఒకరి కన్నులలోనికొకరు చాలసేపు చూచుకొన్నచో ఇద్దరి శరీరములందును ఆక్సిటోసిన్ అను రసము హెచ్చును. తల్లికిని చంటిబిడ్డకును నడుమ ప్రేమ పెంచు రసము కూడ ఇదియే.

ఇక రెండవ ప్రక్క చెప్పవలెను. చెప్పుటకు నాకు సిగ్గుగానే యున్నది.

సాయంకాలము మా యింటికి చదువుకొన వచ్చు బాలుడొకడు మా కుక్క తినుచుండగా దాని పళ్లెమును జరిపెను. అది చేతిని కఱచెను. కొంచెము నెత్తురు వచ్చినది. వాడు చేతిగుడ్డ చుట్టుకొని రెండు దినములు ఎవరికిని చెప్పలేదు. ఇంట తిట్టుదురని యొక భయము, కుక్కను తఱిమివేయుదుమని మఱియొక భయము. మూడవనాడు వ్రాతపని చేయలేకపోగా నేను చూచితిని. వెంటనే కుక్క టీకా చీటీ తీసి చూడగా గడువు దాటి నాలుగు నెలలైనది. ఏటేట వేయించవలసిన టీకాను, తరగతిలో ఆరోగ్యపాఠము చెప్పు నేనే మఱచితిని.

పిచ్చికుక్క కాటు వలన వచ్చు రేబిస్ వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత మనుష్యుడు బ్రదుకుట లేదనియే చెప్పవలెను. లక్షణములు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలకు బయటపడును. ఆ నడిమి కాలమే మన చేతిలో నున్నది. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు జోసెఫ్ మైస్టరు అను బాలునికి టీకా వేసి కాపాడినది ఈ కాలమునందే. మన దేశమున 1911 నుండి వాడిన సెంపుల్ టీకా గొఱ్ఱె మెదడునుండి చేయబడినది. దానిని పొట్టమీద పలుమాఱులు పొడిచెడివారు. పెద్దలకు ఆ భయము నేటికిని పోలేదు. ఆ టీకా 2005 నాటికే వాడుక తప్పినది. ఇప్పటి టీకా చేతికే వేయుదురు. కండరమునకైనచో కాటు చూపించిన దినము, తరువాత 3, 7, 14, 28 దినములు. చర్మములో నైనచో 14వ దినము లేదు. నెత్తురు వచ్చిన కాటునకు గాయములోనే సీరము కూడ ఎక్కింతురు.

బాలుని తండ్రితో కలిసి మేము నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పోయితిమి. అచ్చట వరుసలో నిలిచినవారిలో గాయమునకు కారము అద్దుకొన్న వారొకరు, సున్నము పూసికొన్న వారొకరు. కుక్క కాటునకు చెప్పుదెబ్బ యని మనకొక సామెత కలదు. చెప్పుదెబ్బ కన్న కారము మేలైన మందేమియు కాదు. కఱచిన వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో, పదునైదు నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడుగుడు. పదునైదు నిమిషములు మీరనుకొన్నంత చిన్నది కాదు. మొఱిగెడి కుక్క కఱవదను సామెతయు నమ్మదగినది కాదు.

టీకా మొదలుపెట్టిన తరువాత కుక్కను పదిదినములు కనిపెట్టవలెను. కఱచునాటికి దాని చొంగలో విషమున్నచో ఆ లోపల అది జబ్బుపడును. ఆ పది ఉదయములును నేను లేవగానే దాని నీళ్లగిన్నె చూచితిని. తండ్రిగారు మాత్రము యథాప్రకారము దానిని వెంటబెట్టుకొని నడచిరి. మూతికి తోలుపట్టీ వేయనిచ్చిరి గాని ఇంట కట్టివేయనీయలేదు. పదునొకండవనాడును అది పంచె కొంగు లాగెను.

వీథికుక్కల విషయము వేఱు. 2023 ఫిబ్రవరిలో మన నగరమున అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడొకడు వాని గుంపునకు బలియయ్యెను. చెవికొన కత్తిరింపబడిన కుక్కకు సంతాననివారణ చికిత్సయు టీకాయు ఒకమాఱు జరిగినవని గుర్తు. కఱవదని గుర్తు కాదు. గుంపు ఎదురైనచో పరుగెత్తక, కన్నులలోనికి చూడక, మెల్లగా వెనుకకు జరుగుడు. జపానువారి చూపు పరిశోధన పెంపుడు కుక్కలకు మాత్రమే.

కుక్కను పెంచగోరు బాలురు ముందు తలిదండ్రులనడిగి, మూడవ నెల టీకాకును, ఏటేట టీకాకును, పురుగుల మందునకును క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుడు. దానిని ముట్టిన చేతులు కడుగక అన్నము తినకుడు. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతో నున్న కుక్కను ముట్టకుడు. వేసవిలో తారురోడ్డుపై నడిపించునప్పుడు ముందు మీ అఱచేతి వెనుకభాగమును రోడ్డున ఆనించి చూడుడు. మీకు కాలినచో దానికిని కాలును.

ఆ బాలుడు 28వ దినపు టీకా కూడ వేయించుకొని మరల చదువునకు వచ్చుచున్నాడు. టీకా చీటీ ఇప్పుడు మా భోజనపు గది గోడకు వ్రేలాడుచున్నది. గడువు తేదీని ఎఱ్ఱసిరాతో పెద్దగా వ్రాసినది వాడే.