నడుం నొప్పులన్నీ పని నొప్పులు కావు

ఊడ్పుల్లో వంగినా, ధాన్యం బస్తాలు ఎత్తినా నడుం పట్టేయడం అంగలకుదురు మాగాణి రైతుకు, కూలీకి కొత్త కాదు. ఇలాంటి నొప్పి చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. బరువులు మాని, మంచం పట్టకుండా మెల్లగా తిరుగుతుంటే చాలు. అయితే "తగ్గిద్దిలే" అని ఊరుకోకూడని నొప్పులు కొన్ని ఉన్నాయి. రైతు సోదరులు, మహిళలు వాటిని గుర్తుపట్టాలి.

నరాలు నలిగితే: నడుం నొప్పితో పాటు కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం బిగబట్టుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, సైకిలు సీటు ఆనే చోట మొద్దుబారడం ప్రమాద సూచనలు. తెల్లారనిద్దాం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే ఆపరేషను చేసినా కాళ్లు పూర్తిగా స్వాధీనంలోకి రాకపోవచ్చు.

వెన్ను క్షయ: క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసకూ వస్తుంది. దగ్గు ఉండకపోవచ్చు. వారాల తరబడి వదలని నొప్పి, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం దీని లక్షణాలు. ముదిరితే గూను లేస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. పోషకాహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు.

పశువుల నుంచి: ఈచుకుపోయిన గేదె మాయను ఒట్టి చేతులతో తీసినా, పచ్చిపాలు తాగినా బ్రూసెల్లోసిస్ సోకవచ్చు. వచ్చిపోయే జ్వరం, చెమటలు, నడుం నొప్పి ఉంటాయి. పశువులున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి, పాలు కాచే తాగాలి.

ఎముక దెబ్బతింటే: వయసు మళ్లిన ఆడవాళ్లకు, ఏళ్ల తరబడి స్టిరాయిడ్ మందులు వాడినవారికి కాస్త జారిపడినా వెన్నుపూస నలగవచ్చు. 50 ఏళ్లు దాటాక కొత్తగా వచ్చి, పడుకున్నా తగ్గక, మనిషి చిక్కిపోతుంటే క్యాన్సరు పరీక్షలు కూడా చేయించాలి. ఇదివరకు క్యాన్సరు వచ్చినవారు అసలు ఆగకూడదు.

ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుం తొక్కించుకోవడం మన పల్లెల్లో ఉన్నదే. పుచ్చిన పూస, విరిగిన పూస మీద కాలు పడితే నడిచే మనిషి మంచాన పడవచ్చు. నొప్పి ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చినా లోపలి జబ్బు ముదురుతుంది.

అంగలకుదురుకు తెనాలి పక్కనే. పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా పని ఒకరోజు ఆపి జిల్లా ఆసుపత్రిలో చూపించుకోండి. నొప్పి ఎన్నాళ్లుగా ఉందో, జ్వరం వస్తోందో లేదో, ఏ మందులు వాడారో దాచకుండా చెప్పండి.