ఐఎల్టీఎస్‌కు మన వ్యాకరణం నోటు

మా అక్కకు ఐఎల్టీఎస్‌లో మొత్తం మీద 7 బ్యాండ్ వచ్చింది. రైటింగ్‌లో మాత్రం 6. తను చేరాలనుకున్న ఇంగ్లండు విశ్వవిద్యాలయం ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకూడదంది. ఆ అర బ్యాండు కోసం మళ్ళీ వేలల్లో ఫీజు కట్టాలి. ఆ వారం మా ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

కోచింగ్‌లో ఏం నేర్పారా అని అక్క నోటు తెరిచాను. అన్నీ తయారు వాక్యాలే, ఏ విషయమిచ్చినా అతికించుకోవచ్చునట! బట్టీ వాక్యాలను పరీక్షకులు లెక్కలోకి తీసుకోరు. రైటింగ్‌కు గంట సమయం. మొదటి ప్రశ్నకు కనీసం 150 మాటలు, రెండోదానికి 250. రెండోదాని విలువ రెట్టింపు. దిద్దేటప్పుడు చూసే నాలుగు అంశాల్లో వ్యాకరణం ఒకటి. అక్క సాధన కోసం రాసిన వ్యాసాలు చూస్తుంటే నాకు మన వ్యాకరణం క్లాసే గుర్తొచ్చింది.

క్త్వార్థకం చదువుకున్నాం కదా. "పొద్దున్నే లేచి, ముగ్గేసి, కాఫీ తాగి, బస్సెక్కి కాలేజీకొచ్చాను." సమాపక క్రియ ఒక్కటే, అయినా వాక్యం హాయిగా సాగుతుంది. దీన్నే ఇంగ్లీషులో పెడితే వరసగా "అండ్"లు వచ్చిపడతాయి. అక్క రాసిన ఒక్క వాక్యంలో ఐదు లెక్కపెట్టాను. అలాంటి వాక్యాన్ని రెండుగా తెంచాలి, లేదా ఒక పనిని "ఆఫ్టర్"తో మొదలుపెట్టి రెండో పనికి ముడివెయ్యాలి.

ధాతుజ విశేషణం ఇంకో చిక్కు. "నిన్న వచ్చిన అమ్మాయి" అన్నప్పుడు మనకు అమ్మాయి చివర వస్తుంది. ఇంగ్లీషులో అమ్మాయి ముందు, "హూ కేమ్ యెస్టర్‌డే" తరవాత. ఈ తిరగేత పట్టుబడితే పొడుగు వాక్యం భయపెట్టదు.

ఇక "ఎ", "ద". ఇవి తెలుగులో లేవు. "నిన్న ఒక కథ చదివాను. కథ బాగుంది" అంటే మనకు చాలు. రెండో కథ ముందు "ఆ" పెట్టి చూడండి, అతికితే అక్కడ "ద" పడుతుంది. ఎప్పుడూ కాదులెండి. సూర్యుడి ముందు మనం "ఆ" పెట్టం, వాళ్ళు "ద" పెడతారు.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు. యాస ఉందని మార్కులు తగ్గించరు, మాట అర్థం కావాలి. మనది అజంత భాష కాబట్టి హల్లుతో ఆగాల్సిన చోట ఉకారం తగిలించి "బస్సు", "రోడ్డు" అంటాం. మన తమిళ స్నేహితురాళ్ళకూ ఇదే తంటా. "కదా" మనకు అన్ని క్రియలకూ సరిపోతుంది. అందుకే అన్నిటికీ "ఈజింట్ ఇట్" అనేస్తాం. వాళ్ళకు క్రియను బట్టి అది మారాలి.

బ్యాండు తగ్గినవాళ్ళకు ఇంకో రెండు దారులున్నాయి. కంప్యూటర్ మీద రాస్తే ఒక్క విభాగాన్నే మళ్ళీ రాసే వీలుంది. అన్ని విశ్వవిద్యాలయాలూ దాన్ని ఒప్పుకోవు, ముందే అడగాలి. కొన్నిచోట్ల చదువు మొదలయ్యే ముందు కొన్ని వారాల ఇంగ్లీషు కోర్సు పెట్టి చేర్చుకుంటారు, దాని ఫీజు వేరే.

అక్క వచ్చే నెల మళ్ళీ రాస్తోంది. రోజూ రాత్రి ఒక వ్యాసం రాసి నాకిస్తుంది, నేను "అండ్"ల కింద గీతలు గీస్తున్నాను. మన క్లాసులో ఈ పరీక్షకు కూర్చునేవాళ్ళుంటే 250 మాటలు రాసి తీసుకురండి. శుక్రవారం చివరి పీరియడ్ ఖాళీయే, మన వ్యాకరణం నోటు పక్కన పెట్టుకుని దిద్దుకుందాం.